ప్రకృతి చిత్రకళలో జీవవైవిధ్యం: తెలుగు పేర్లు, తెలుగు చేతులు

శిశిరం ముగిసే వేళకు మోదుగ చెట్టు ఆకులన్నీ రాల్చి, కొమ్మల నిండా కాషాయవర్ణపు పూలు పూస్తుంది. మిట్టేమరి ప్రాంతపు తెలుగు ఇళ్లలో అది మోదుగ, కన్నడంలో ముత్తుగ, శాస్త్రగ్రంథాలలో బ్యుటియా మోనోస్పెర్మా. ఈ మూడు పేర్లూ ఒకే చెట్టువని, ఆ చెట్టును ఎన్నడూ చూడని వ్యక్తికి నిరూపించడం ఎలా? పేరు ఊరు దాటితే మారుతుంది. వర్ణన చదివే వారి ఊహను బట్టి మారుతుంది. చెట్టును చూసి, కొలిచి, ఉన్నది ఉన్నట్లు గీసిన చిత్రం మాత్రం ఏ భాష వారికైనా ఒకే సాక్ష్యం చెబుతుంది. జంతువులను, మొక్కలను ఈ విధంగా నమోదు చేసే కళను ప్రకృతి శాస్త్ర చిత్రకళ అంటారు. ఈ కళ చరిత్రలో తెలుగు నేలకు, తెలుగు పేర్లకు, తెలుగు చిత్రకారులకు గల స్థానాన్ని తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

ఆలయంలో లత, గ్రంథంలో మొక్క

మొక్కలనూ జంతువులనూ చిత్రించడం మన వారికి కొత్త కాదు. బాగేపల్లికి చేరువలోనే, రాష్ట్ర సరిహద్దుకు ఆవల ఉన్న లేపాక్షి వీరభద్రాలయం ఇందుకు చక్కని ఉదాహరణ. 16వ శతాబ్దంలో, విజయనగర కాలంలో రూపొందిన ఆ ఆలయంలో లతామండప స్తంభాల మీద తీగలు, పూలు, హంసలు, చిలుకలు కనిపిస్తాయి. పైకప్పు చిత్రాలలో కిరాతార్జునుల కథలోని అడవిపంది ఉంది. ఆ శిల్పులు ప్రకృతిని శ్రద్ధగా చూసినవారే. అయితే వారికి కావలసింది అందం, లయ, కథాసందర్భం. స్తంభం మీది తీగను చూసి అది ఏ జాతి తీగో చెప్పలేము. చెప్పవలసిన అవసరమూ అక్కడ లేదు.

ప్రకృతి శాస్త్ర చిత్రకారుడి పని వేరు. అతడు ఒక జాతిని మరో జాతి నుంచి విడదీసే గుర్తులను వెతుకుతాడు. ఆకు అంచు నున్నగా ఉందా, రంపపు పళ్లలా ఉందా? పువ్వులో కేసరాలు ఎన్ని? పాము తోక అడుగున ఉన్న పొలుసులు ఒక వరుసలో ఉన్నాయా, రెండు వరుసలలోనా? ఈ తేడాలను చెరపకుండా నిలపడమే ఆ కళకు ప్రాణం. జీవవైవిధ్యం అన్న మాటకు అర్థం కూడా ఇలాంటి తేడాలలోనే ఉంది.

విశాఖపట్నంలో పాముల పుస్తకం

పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1785 నుంచి 1789 వరకు ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశారు. కోరమాండల్ తీరంలోని పాములను సేకరించి, 1796లో లండన్‌లో ఒక గ్రంథాన్ని ప్రచురించారు. దాని వెనుక ఉన్న ప్రయోజనం ప్రాణరక్షణ. కాటువేసిన పాము విషసర్పమో కాదో తెలియక జనం భయపడేవారు; విషం లేని పాము కరిచినప్పుడు ఇచ్చిన మందుకు లేని మహిమ అంటగట్టబడేది. ఏది విషసర్పమో గుర్తించడానికి నమ్మదగిన బొమ్మలు కావాలని రస్సెల్ భావించారు. ప్రతి పాముకూ రంగుల చిత్రం, పొలుసుల లెక్క, కొలతలు ఇచ్చారు.

వీటితోపాటు స్థానికులు చెప్పిన పేరును కూడా ఆయన నమోదు చేశారు. అందువల్ల లండన్‌లో అచ్చయిన ఆ గ్రంథంలో చింతనాగు, జెర్రిపోతు, కాటుక రేకుల పొడ, బంగారు పాము వంటి తెలుగు పేర్లు ఆంగ్ల లిపిలో కనిపిస్తాయి. కాటుక రేకుల పొడ అంటే నేటి రక్తపింజర, కన్నడంలో కొళకుమండల. దాని శాస్త్రీయ నామంలో ఇప్పుడు రస్సెల్ పేరు నిలిచి ఉంది. బంగారు అనే తెలుగు మాట నుంచి 1803లో బంగారస్ అనే ప్రజాతి నామం ఏర్పడింది. మన వేరుశనగ చేలలో తిరిగే కట్లపాము ఆ ప్రజాతికే చెందుతుంది. ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రజ్ఞుడు కట్లపామును ప్రస్తావించినా, తెలియకుండానే ఒక తెలుగు మాట పలుకుతున్నాడన్నమాట.

రస్సెల్ 1803లో విశాఖపట్నపు చేపల మీద మరో గ్రంథాన్ని వెలువరించారు. అందులో 200 చేపల చిత్రాలు, వాటిలో చాలావాటికి స్థానిక నామాలు ఉన్నాయి. గోదావరి వాసులు ప్రాణంగా భావించే పులసకు పూర్వరూపమైన పొలస అన్న పేరు కూడా ఆ పుటలలో చోటు చేసుకుంది. ఆ పేర్లు చెప్పిన బెస్తవారి పేర్లను మాత్రం గ్రంథం భద్రపరచలేదు.

సామర్లకోట తోటలో

అదే కాలంలో విలియం రాక్స్‌బర్గ్ అనే మరో స్కాట్లండ్ వైద్యుడు గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండేవారు. అక్కడ తోట వేసి, మొక్కలను పరిశీలిస్తూ, స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించారు. ఆ చిత్రాల నుంచి ఎంపిక చేసిన 300 ఫలకాలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలలో లండన్‌లో వెలువడ్డాయి. మన మోదుగ చిత్రం తొలి సంపుటంలోనే ఉంది. 1793లో ఆయన కలకత్తా వృక్షశాస్త్రోద్యానానికి అధిపతిగా వెళ్లారు. అక్కడా ఈ పని కొనసాగింది. మొత్తం మీద ఆయన గీయించిన చిత్రాలు సుమారు 2,500. వాటి ప్రతులు నేటికీ కోల్‌కతాలోనూ, లండన్‌లోని క్యూ ఉద్యానంలోనూ ఉన్నాయి.

రాక్స్‌బర్గ్ కూడా తెలుగు పేర్లను శ్రద్ధగా రాసుకున్నారు. జ్వరానికి ఔషధంగా వాడే సోమిద చెట్టును ఆయన వర్ణించగా, తరువాతి కాలంలో ఆ తెలుగు పేరే సోయ్‌మిడా అనే ప్రజాతి నామమైంది. కానీ అచ్చయిన ఫలకాల మీద ఆ చిత్రాలు గీసిన వారి పేర్లు కనబడవు. మొక్క పేరు మిగిలింది. దానిని మొదట కాగితం మీదికి తెచ్చిన చేయి అజ్ఞాతంగానే ఉండిపోయింది.

రంగయ్య, గోవిందు

ఈ పద్ధతిని కొంతవరకు మార్చినవారు రాబర్ట్ వైట్. 1819లో దక్షిణ భారతానికి వైద్యుడిగా వచ్చిన ఆయన చాలా కాలాన్ని మొక్కల అధ్యయనానికి వినియోగించారు. ఆయన వద్ద మొదట రంగయ్య, తరువాత గోవిందు చిత్రకారులుగా పనిచేశారు. వీరిద్దరూ తంజావూరు చిత్రకళా సంప్రదాయంతో సంబంధం గల తెలుగు వారని పరిశోధకుల అభిప్రాయం. దేవతామూర్తులనూ రాజుల రూపాలనూ తీర్చిన సంప్రదాయపు సన్నని కుంచె వీరి చేతిలో పుష్పకేసరాలను, గింజల పొరలను, వేళ్ల నూగును చిత్రించింది.

వైట్ 1838 నుంచి 1853 వరకు ఆరు సంపుటాలుగా వెలువరించిన భారతీయ వృక్ష చిత్రావళిలో 2,100కు పైగా ఫలకాలు ఉన్నాయి. వాటిలో అనేకం ఈ ఇద్దరి చిత్రాల ఆధారంగా తయారైనవే. వైట్ ఫలకాల మీద చిత్రకారుల పేర్లు అచ్చు వేయించారు. అంతేకాక 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని నామకరణం చేసి, గోవిందును గౌరవించారు. ఒక భారతీయ చిత్రకారుడికి ఆనాడు ఇటువంటి గౌరవం దక్కడం అరుదు.

అయితే తరువాతి పరిశోధనలో ఆ ఆర్కిడ్ ట్రాపిడియా అనే మరో ప్రజాతికి చెందినదని తేలింది. వృక్షశాస్త్ర నియమం ప్రకారం ముందుగా ప్రచురితమైన పేరే చెల్లుతుంది గనుక, గోవిందూయియా వాడుక నుంచి తప్పుకొని పర్యాయనామాల జాబితాలో చేరింది. శతాబ్దం గడిచేసరికి గోవిందును తలచుకునే వారే కరువయ్యారు. ఎడిన్‌బరో రాజోద్యానంలో భద్రంగా ఉన్న మూల చిత్రాలను హెన్రీ నోల్టీ అధ్యయనం చేసి, 2007లో రంగయ్య, గోవిందుల పేర్లను గ్రంథ శీర్షికలోనే చేర్చి ప్రచురించడంతో వారి కృషి తిరిగి వెలుగులోకి వచ్చింది. బెంగళూరు లాల్‌బాగ్‌లోనూ ఇటువంటి సంపద ఉంది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల నుంచి అక్కడ చిత్రకారుడిగా పనిచేసిన చెలువయ్య రాజు గీసిన వృక్ష చిత్రాలు ఆ ఉద్యాన చరిత్రలో విలువైన భాగం.

ఫలకాన్ని చదవడం ఎలా?

వృక్షశాస్త్ర ఫలకాన్ని చూడడానికి ఒక క్రమం ఉంది. మధ్యభాగంలో సాధారణంగా పూలతో కూడిన కొమ్మ ఉంటుంది. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తరువాత ఒకటిగా ఉన్నాయా అన్నది అక్కడ తెలుస్తుంది. ఒక ఆకును వెనుకకు తిప్పి చూపడం ఆనవాయితీ. అడుగుభాగపు ఈనెలు, నూగు అప్పుడే కనబడతాయి. ఫలకం దిగువన చిన్న బొమ్మలు ఉంటాయి: నిలువుగా కోసిన పువ్వు, విడదీసిన కేసరాలు, అడ్డంగా కోసిన అండాశయం, కాయ, గింజ. వీటిని పెద్దవి చేసి గీసి, పక్కన అంకెలు వేస్తారు.

పువ్వు ఒక ఋతువులో, కాయ మరో ఋతువులో వస్తాయి. రెండూ ఒకే ఫలకంలో ఉన్నాయంటే చిత్రకారుడు ఆ చెట్టు వద్దకు కనీసం రెండుసార్లు వెళ్లాడని అర్థం. మోదుగ పూసినప్పుడు దాదాపు ఆకులు ఉండవు. మూడేసి ఆకులు వేసినప్పుడు పూలు ఉండవు. ఛాయాచిత్రం ఒక క్షణాన్ని పట్టుకుంటుంది. మంచి ఫలకం ఒక సంవత్సరాన్ని ఒక పుటలో చూపగలదు. ఛాయాచిత్రాలు సులభమైన ఈ కాలంలో కూడా శాస్త్రజ్ఞులు చేతితో గీసిన చిత్రాలను వాడడానికి ఇదొక కారణం.

బొమ్మ దారి చూపిన పక్షి

థామస్ జెర్డన్ మద్రాసు రాజ్యంలో వైద్యుడు, పక్షిశాస్త్రజ్ఞుడు. 1840ల దశకంలో ఆయన మద్రాసులో ప్రచురించిన పక్షి చిత్రాల గ్రంథానికి భారతీయ చిత్రకారులు బొమ్మలు గీశారు. ఆయన పేరుతో ప్రసిద్ధి చెందిన కలివికోడి 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. తెలుగు నేలపై పొదలతో నిండిన మెట్టభూములలో, రాత్రివేళ తిరిగే పక్షి ఇది. 1900 తరువాత దీని జాడ తెలియక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980లలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు కడప ప్రాంతంలో వెతుకుతూ, పక్షి బొమ్మను గ్రామస్థులకు చూపి విచారించారు. పొదల మధ్య తిరిగే స్థానికులకు అది తెలిసిన పక్షే. 1986 జనవరిలో లంకమల అడవుల వద్ద ఒక స్థానికుడి సహాయంతో ఆ పక్షి మళ్లీ లభించింది.

ఈ ఉదంతంలో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. గ్రంథాలలో బొమ్మ ఉంది. పల్లెలో పేరు, ఎరుక ఉన్నాయి. ఎనభై ఏళ్లకు పైగా ఈ రెండూ కలుసుకోలేదు. కలిసిన నాడు పక్షి దొరికింది.

మన ఊరి పట్టిక

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఏర్పడాలి. ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య పట్టికను తయారు చేయడం ఆ కమిటీ ముఖ్య విధి. స్థానిక మొక్కలు, జంతువులు, వాటి ఔషధ గుణాలు, ఇతర ఉపయోగాలు, వాటిని గురించి ప్రజలకున్న పరిజ్ఞానం అందులో నమోదు కావాలి.

బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఇంటి భాష తెలుగు, కార్యాలయ భాష కన్నడం అయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆవరికె అని రాసినప్పుడు తంగేడు అనే మాట, హొంగె అని రాసినప్పుడు కానుగ అనే మాట పక్కన చేరకపోతే, కొంత నష్టం జరుగుతుంది. తంగేడు, కానుగ అందరికీ తెలిసినవే గనుక వాటికి ప్రమాదం తక్కువ. గొర్రెల కాపరులకు, కట్టెలు తెచ్చే స్త్రీలకు, నాటువైద్యం తెలిసిన వృద్ధులకు మాత్రమే తెలిసిన చిన్న మొక్కల పేర్ల స్థితి వేరు. ఆ పేరు చెప్పగలిగినవారు ఉన్నప్పుడే దానిని రాసుకోవాలి. పేరు ఒక్కటే రాస్తే, అది ఏ మొక్కదో రేపటి వారికి తెలియదు. బొమ్మ ఒక్కటే గీస్తే, దాని ఉపయోగం తెలియదు. పేరు, బొమ్మ, తేదీ, స్థలం, ఉపయోగం ఒకే కాగితం మీద ఉన్నప్పుడు అది ప్రమాణపత్రం అవుతుంది. చెప్పినవారు అంగీకరిస్తే వారి పేరు, గీసినవారి పేరు కూడా అందులో ఉండడం న్యాయం. సామర్లకోట చిత్రకారులకూ, విశాఖపట్నం బెస్తవారికీ దక్కనిది అదే.

అభ్యాసం

1. ఇంటికి సమీపంలోని ఒక చెట్టును ఎంచుకొని, ఒక కొమ్మను అసలు పరిమాణంలో గీయండి. ఒక ఆకును వెనుకకు తిప్పి చూపండి.

2. ఆ చెట్టు పువ్వును నిలువుగా కోసి, లోపలి భాగాలను పెద్దవిగా చేసి గీయండి. కాయ కాసే ఋతువులో అదే కాగితాన్ని పూర్తి చేయండి.

3. ఇంటి పెద్దలను అడిగి ఆ చెట్టు తెలుగు, కన్నడ, ఉర్దూ పేర్లను, ఉపయోగాలను రాయండి. ఒకే చెట్టుకు రెండు ఊళ్లలో రెండు పేర్లుంటే రెండూ రాయండి.

4. పాములను పుస్తకాలలోని బొమ్మల ద్వారా మాత్రమే గుర్తించడం నేర్చుకోండి. వాటి దగ్గరకు వెళ్లవద్దు. పాము కరిస్తే గాయాన్ని కోయకుండా, గట్టిగా కట్టు కట్టకుండా, వెంటనే ఆసుపత్రికి చేరాలి.

5. పూర్తయిన కాగితం మీద తేదీ, స్థలం, చెప్పినవారి పేరు, గీసినవారి పేరు రాసి, ఒక ప్రతిని పాఠశాలలో, మరొక ప్రతిని స్థానిక జీవవైవిధ్య కమిటీకి అందజేయండి.