పల్లె బడి చదువూ ఒక అర్హతే

సంక్రాంతి పందేల బరులు ఖాళీ అయ్యీ కాకముందే ఏలూరు జిల్లాలో ఇంకో పందెం మొదలవుతుంది. ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు, అడ్మిషన్ల టార్గెట్ నెత్తిన పడ్డ లెక్చరర్లు బళ్ల మీద ఊళ్లలోకి వస్తారు. పదో తరగతి పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు రాసుకుంటారు. పబ్లిక్ పరీక్షలు మార్చిలో, ఫలితాలు ఆ తర్వాతెప్పుడో. ఈలోపే చాలా ఇళ్లలో అడ్వాన్సు కట్టేసి ఉంటారు. "విజయవాడలో వేసేశామండీ" అంటారు, పిల్లవాడు ఏ గ్రూపు చదువుతాడో ఇంకా తేలకుండానే.

ఆ సమయంలో పిల్లలకు అందుబాటులో ఉండే పెద్దదిక్కు క్లాస్ టీచరే. జిల్లా పరిషత్ హైస్కూల్లో కెరీర్ కౌన్సెలర్ అంటూ విడిగా ఎవరూ ఉండరు. లెక్కల మాస్టారో, ఇంగ్లిష్ టీచరు గారో ఆ పని చేయాలి. కాబట్టి ఈ వ్యాసం ముందు వాళ్ల కోసం, తర్వాత పిల్లల కోసం. కాలేజీల పాంప్లెట్లలో ఉండని సంగతి ఒకటుంది: పెదవేగి చుట్టుపక్కల ఉన్న మంచి సంస్థల్లో చాలావాటికి పల్లె బడిలో చదవడమే ఒక అర్హత. ఆ అర్హత ఖరీదెంతో తెలియక మన ఇళ్లలో దాన్ని ఊరికే వదిలేసుకుంటున్నారు.

పెదవేగి అంటే శాలంకాయనులు, తర్వాత తూర్పు చాళుక్యులు ఏలిన నాటి వేంగి. 7వ శతాబ్దంలో వేంగి దేశం గురించి రాసిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ నలందాలో ప్రవేశం ఎలా ఉండేదో కూడా రాశాడు. ద్వారం దగ్గరే పండితుడు ప్రశ్నలు వేసేవాడట, పదిమందిలో ఏడెనిమిది మంది అక్కడి నుంచే వెనుదిరిగేవారట. ఇప్పటి ద్వారాల దగ్గర తెలివి ఒక్కటే అడగరు. ఎక్కడ చదివావు, ఎన్నేళ్లు చదివావు, కాగితం ఉందా అనీ అడుగుతారు.

మొదటి ద్వారం ఊళ్లోనే ఉంది. జవహర్ నవోదయ విద్యాలయం పెదవేగిలో ఉందని అందరికీ తెలుసు. ఆరో తరగతి ప్రవేశాల్లో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతాల పిల్లలవనీ చాలామందికి తెలుసు. ఆ నిబంధనలో ఉన్న మెలిక మాత్రం తెలియదు. గ్రామీణ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు మొత్తం గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన బడిలోనే చదవాలి. మధ్యలో ఒక్కరోజైనా పట్టణ బడి రిజిస్టర్లో పేరుంటే పట్టణ విద్యార్థి కిందే లెక్క. నాలుగో తరగతిలో ఏలూరు ఇంగ్లిష్ మీడియం స్కూల్లో చేర్చి, బస్సు పడక ఏడాదికే వెనక్కి తెచ్చిన పిల్లవాడు ఆ కోటాకు దూరమైనట్టే. ఈ మాట చెప్పాల్సింది ప్రైమరీ స్కూల్లో, అదీ మూడో తరగతి పిల్లల తల్లిదండ్రులకు. ఐదో తరగతిలో దరఖాస్తు నింపే రోజున చెప్పి లాభం లేదు.

రెండో ద్వారం నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం క్యాంపస్ ఇది. పదో తరగతి తర్వాత నేరుగా ఆరేళ్ల చదువు: రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. ప్రవేశం పదో తరగతి మార్కుల మీద. కొవిడ్ రోజుల్లో ప్రవేశ పరీక్ష పెట్టారు గానీ మళ్లీ మార్కుల పద్ధతికే వచ్చారు. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ హైస్కూళ్ల పిల్లల మార్కులకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. పదో తరగతి పైవరసలో ఒకటి రెండు మార్కులకే వందల స్థానాలు తారుమారయ్యే చోట 4 శాతం అంటే మాటలు కాదు. నవోదయలకు, గురుకులాలకు ఇది వర్తించదు. ప్రైవేటు స్కూలుకూ వర్తించదు. ఎనిమిదో తరగతి దాకా జడ్పీ బడిలో చదివి, "టెన్త్ బాగా రావాలి" అని తొమ్మిదిలో ప్రైవేటుకు మారే పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. ట్రిపుల్ ఐటీ మీద ఆశ ఉంటే ఆ మార్పు వల్ల వచ్చే మార్కులెన్ని, పోయే మార్కులెన్ని అని ముందే కాగితం మీద వేసుకోవాలి. ఇంకో షరతు కూడా ఉంది. పదో తరగతి ఆ ఏడాదే, మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. ఏడాది ఆగి వద్దామంటే కుదరదు.

బడి నేపథ్యాన్ని ప్రవేశాల్లో లెక్కలోకి తీసుకోవడం మన దగ్గరే ఉన్న వింత కాదు. తమిళనాడు 2020లో ప్రభుత్వ బడుల పిల్లలకు వైద్య కోర్సుల్లో 7.5 శాతం సీట్లు కేటాయించింది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 1997లో చేసిన చట్టం ప్రతి హైస్కూల్లో పైన నిలిచిన పదిశాతం మందికి అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా చోటిచ్చింది. ఆస్టిన్‌లో ఆ గీత తర్వాత ఇంకా పైకి జరిగింది గానీ సూత్రం మారలేదు. నగరంలో కోచింగ్ తీసుకున్న పిల్లవాడి మార్కునూ, అదేదీ లేని పిల్లవాడి మార్కునూ ఒకే తరాజులో తూయకూడదన్నది అందరికీ తెలిసిన న్యాయమే.

తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ సంగతి వేరు. 2015లో మొదలైన ఈ సంస్థ తొలి ఏళ్లలో శ్రీ వాసవి ఇంజినీరింగ్ కాలేజీలో నడిచి, తర్వాత యుద్ధకాలపు పాత విమానాశ్రయం భూముల్లోకి మారింది. ఇక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. సొంత రాష్ట్రం అంటే ఇల్లున్న రాష్ట్రం కాదు, పుట్టిన రాష్ట్రం కాదు. ఇంటర్మీడియట్ ఏ రాష్ట్రంలో పాసయ్యారో అది. తాడేపల్లిగూడెం కడకట్లలో పుట్టి పెరిగిన పిల్లవాడైనా హైదరాబాద్‌లో ఇంటర్ పాసైతే ఇంటి పక్కనున్న ఎన్‌ఐటీలో పరాయి రాష్ట్రం వాడవుతాడు. బదులుగా వరంగల్‌లో సొంత రాష్ట్రం వాడవుతాడు, అది లాభమే అనుకునేవాళ్లూ ఉంటారు. అనుకోవచ్చు. కానీ తెలిసి అనుకోవాలి. విజయవాడ, గుంటూరు, విశాఖల్లో చదివితే ఈ చిక్కు లేదు. జేఈఈ మెయిన్ ర్యాంకు ఒక్కటీ ఉంటే చాలదు. ఎన్‌ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం మార్కులు, ఎస్సీ ఎస్టీలకు 65 శాతం, లేదా తమ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండటం తప్పనిసరి. "ఇంటర్ ఎలాగోలా గట్టెక్కితే చాలు, జేఈఈ చూసుకో" అనే సలహా ఇక్కడే బెడిసికొడుతుంది.

రాష్ట్రం నింపే సీట్లకు కొలత మళ్లీ మారుతుంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తున్న స్థానికతలో అసలు లెక్క అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తాయి. విభజనకు పదేళ్లు నిండిన 2024 జూన్ తర్వాత తెలంగాణలో చదివినవాళ్ల విషయంలో నిబంధనలు కదులుతూ వచ్చాయి. కాబట్టి పోయినేడాది అన్నయ్యకు ఏమైందన్నది ప్రమాణం కాదు, ఈ ఏడాది నోటిఫికేషనే ప్రమాణం. ఇంజినీరింగ్‌కు ఈఏపీసెట్‌లో వచ్చే ర్యాంకులో పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ. ఇక మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "తర్వాత చూసుకుందాం" అని పీఆర్వో అంటే, ఆ మాట రాసిమ్మని అడిగి చూడండి.

నన్నడిగితే ఈ ప్రాంతపు పిల్లలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండి, అన్నిటికన్నా తక్కువగా వాడుకుంటున్న దారి ఉద్యాన, వ్యవసాయ, మత్స్య విద్య. ఆయిల్ పామ్ మీద దేశానికంతటికీ ఉన్న పరిశోధన సంస్థ పెదవేగిలో 1995 నుంచీ ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం పెట్టారు. కొల్లేరు దిగువన నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయం ఉంది. చుట్టూ గెలలు కోసే తోటలు, కైకలూరు వైపు కనుచూపుమేర చేపల చెరువులు. అయినా బైపీసీ తీసుకున్న పిల్లను అడిగితే ఒకటే మాట: నీట్. 2023లో ఏలూరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక ఆ ఆశ ఇంకా పెరిగింది. ఆశపడటంలో తప్పులేదు. నీట్ రాసే పిల్లే ఈఏపీసెట్ కూడా రాస్తే బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, బీఎఫ్ఎస్సీ తలుపులు తెరుచుకునే ఉంటాయి. అదనంగా చదవాల్సింది పెద్దగా ఉండదు.

ఇక్కడే పల్లె బడి మళ్లీ అక్కరకొస్తుంది. వ్యవసాయ, ఉద్యాన డిగ్రీల్లో 40 శాతం రైతు కోటా ఉంది. తల్లిదండ్రులకు సాగుభూమి ఉండి, ఇంటర్ లోపు కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ కాని ప్రాంతంలో చదివినవాళ్లకు అది వర్తిస్తుంది. పదో తరగతి తర్వాత చేసే రెండేళ్ల వ్యవసాయ డిప్లొమాకైతే నాలుగేళ్ల గ్రామీణ చదువే అర్హత. హార్టికల్చర్ డిప్లొమా చేసినవాళ్లు హార్టీసెట్ రాసి డిగ్రీకి వెళ్లొచ్చు. 2019లో సచివాలయ వ్యవస్థ వచ్చినప్పుడు గ్రామ ఉద్యాన సహాయకులు, మత్స్య సహాయకుల పోస్టులు ఏర్పడ్డాయి. వాటికి ఇలాంటి డిప్లొమాలూ పనికొస్తాయి. పదహారేళ్లకు చేరి పద్దెనిమిదేళ్లకు ఉద్యోగ అర్హత సంపాదించే చదువులు మన దగ్గర ఎన్ని ఉన్నాయి గనక!

రైతు కోటాలో నాకు నచ్చనిదీ ఒకటుంది. భూమి కాగితం అడుగుతుంది, సాగు అడగదు. ఈ ప్రాంతంలో పొలం దున్నేవాళ్లలో కౌలు రైతులు ఎందరో. కొల్లేరు లోపల తరాలుగా చేపలు పట్టి బతుకుతున్న కుటుంబాల్లో చాలావాటికి పట్టాలు లేవు, అభయారణ్యం హద్దుల్లో ఇకముందు వచ్చే దారీ కనబడదు. ఏలూరులో ఉంటూ పొలం కౌలుకిచ్చిన ఆసామి పిల్లవాడు పల్లెలో నాలుగేళ్లు చదివి ఉంటే రైతు బిడ్డ. ఆ పొలాన్నే దున్నే కౌలుదారు కొడుకు కాడు. టీచరు దీన్ని మార్చలేరు. ఆ పిల్లవాడు వేరే రిజర్వేషన్‌లో వస్తాడేమో ముందే చూసి పెట్టగలరు.

అందుకు కాగితాలు కావాలి. రాష్ట్రం బీసీ జాబితా, కేంద్రం ఓబీసీ జాబితా ఒకటి కావు. సచివాలయంలో తీసుకున్న కుల ధ్రువీకరణ ఈఏపీసెట్‌కు సరిపోతుంది గానీ ఎన్‌ఐటీకి కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్ కాదని చెప్పే సర్టిఫికెట్, అదీ ఆ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చింది అడుగుతారు. ఈడబ్ల్యూఎస్‌కూ అంతే. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, పదో తరగతి మెమోలో ఇంకో స్పెల్లింగ్ ఉన్న ఇంటిపేర్లు జేఈఈ దరఖాస్తు రాత్రి ఎంత నిద్ర చెడగొడతాయో అనుభవించినవాళ్లకే తెలుసు. పదో తరగతి నామినల్ రోల్స్ తయారయ్యే ముందే, తొమ్మిదో తరగతిలోనే పేరు, పుట్టిన తేదీ సరిచూడాలి. నీట్‌కు ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఒకటో తరగతిలో బడిలో వేసేటప్పుడు అయ్యవారు ఉజ్జాయింపుగా వేసిన తేదీ అప్పుడు లెక్కకొస్తుంది. స్టడీ సర్టిఫికెట్లు కూడా అంతే. రేషనలైజేషన్‌లో మూతపడ్డ బడి రికార్డులు ఎక్కడికి వెళ్లాయో వెతకడం పదేళ్ల తర్వాత కన్నా ఇప్పుడే తేలిక.

మిగతా దారులు టూకీగా. తిరుపతి ఐసర్‌కు జేఈఈ, నీట్ అక్కర్లేదు, ఐఏటీ అనే సొంత పరీక్ష ఉంది. ఇంటర్‌లో 60 శాతం ఉన్న బైపీసీ పిల్లలూ రాయొచ్చు. కాకపోతే అందులో పదిహేను లెక్కల ప్రశ్నలు ఎదురవుతాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ వంటివాటికి 2022 నుంచి సీయూఈటీ. తెలుగు మాధ్యమంలోనూ ఆ పరీక్ష రాయొచ్చు. ఆర్ట్స్ పిల్లలకు ఈ పరీక్ష పేరు కూడా చేరడం లేదన్నది నా ఫిర్యాదు.

ఇంటర్ తర్వాత నేరుగా అమెరికా అనే మాట మన ఊళ్లలో అరుదు, అందరూ బీటెక్ తర్వాతే. అయినా హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ వంటి కొన్ని సంస్థలు విదేశీ విద్యార్థి డబ్బు కట్టగలడా లేడా అన్నది చూడకుండా సీటిచ్చి, అవసరమైనంత సాయం చేస్తాయి. కామన్ యాప్ అనే దరఖాస్తులో కౌన్సెలర్ రాయాల్సిన స్కూల్ రిపోర్టు, సిఫారసు లేఖ, మార్కుల పత్రాలు ఉంటాయి. కౌన్సెలర్ లేని చోట ప్రిన్సిపాలే ఆ పాత్ర పోషిస్తారు. దాంతోపాటు బడి గురించి ఒక పేజీ జతచేయమంటారు. అందులో ఏసీ క్లాసుల గురించి రాయనక్కర్లేదు. ఏ బోర్డు, మార్కులు ఎలా ఇస్తారు, ఎందరు పిల్లలు, వాళ్ల ఇళ్లలో ఇంతకుముందు కాలేజీ మెట్టెక్కినవాళ్లున్నారా, బడికి ఎన్ని కిలోమీటర్ల నుంచి వస్తారు అన్నవి ఉన్నవి ఉన్నట్టు రాస్తే చాలు.