చవక ఆయిల్‌కు మీ ఇంజన్ ఒప్పుకుంటుందా?

క్రషర్లోనో, రైస్ మిల్లులోనో, భీమవరం వైపు చెరువుల గట్టు మీదనో డీజీ సెట్లు చూసుకునేవాళ్లకు ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినపడుతుంది: “బ్రోకర్ ఒకాయన వచ్చాడు, డీజిల్ కంటే బాగా తక్కువకు ఇస్తాడట, పోద్దామా?” అడిగేది ఓనరు. రేపు పంపు పట్టేస్తే మాట పడేది మాత్రం మీరు. “వద్దు సార్, పాడైపోద్ది” అన్నంత మాత్రాన ఆయన వినడు. ఎందుకు వద్దో లెక్కతో చెప్పాలి.

శాంపిల్ బాటిల్ చేతికిచ్చినా ముందు దాన్ని చూడకండి. ఇంజన్ ప్లేటు చూడండి, మాన్యువల్లో ఫ్యూయల్ పేజీ తీయండి. పాత మెకానికల్ పంపు ఇంజన్ కొంత ఓర్చుకుంటుంది. కామన్ రైల్ ఓర్చుకోదు. అందులో డీజిల్ వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో పోతుంది. ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య సందు కొద్ది మైక్రాన్లే, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఇక 2023 జులై 1 నుంచి 800 కిలోవాట్ల లోపు కొత్త జనరేటర్లకు సీపీసీబీ 4 ప్లస్ నిబంధన వచ్చింది. వీటిలో చాలా సెట్లకు పొగను శుభ్రం చేసే క్యాటలిస్ట్ ఉంటుంది. దానికి గంధకం విషం. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బంకుల్లో దొరుకుతున్న బీఎస్-6 డీజిల్లో గంధకం 10 పీపీఎం మించకూడదు. ఆ సెట్లు దానికోసమే తయారయ్యాయి. (ఆ పొగ శుద్ధి కోసం పోసే యూరియా ద్రవం, డెఫ్ బదులు పొలానికి చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోసే తెలివైనవాళ్లూ ఉన్నారు. మన ఎరువుల యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఇక ఆ డోసింగ్ నాజిల్ సంగతి చెప్పనక్కర్లేదు.)

చవక ఆయిల్ ఏ పేరుతో వస్తుందో కూడా తెలిసుండాలి. ఎల్‌డీవో (లైట్ డీజిల్ ఆయిల్) అయితే అది నెమ్మదిగా, సుమారు 750 ఆర్‌పీఎం లోపు తిరిగే ఇంజన్లకు ఉద్దేశించింది. మీ జనరేటర్ 1500 మీద తిరుగుతుంది. ఎల్‌డీవోలో గంధకం వేల పీపీఎం దాకా ఉండొచ్చు. అది మండాక తేమతో కలిసి ఆమ్లమై ఇంజన్ ఆయిల్ శక్తిని తినేస్తుంది. పాత టైర్లను గాలి తగలకుండా వేడిచేసి తీసిన ఆయిల్‌కు బాయిలర్, ఫర్నేసు గిరాకీ ఉంది. ఇంజన్లో దాని పని లేదు, అంతే. వంటనూనె సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు: 1900లో పారిస్ ఎగ్జిబిషన్లో డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచిందిగా అని. నడిచింది, నిజమే. ఆ నాటి ఇంజన్‌కు కామన్ రైల్ లేదు. వంటనూనె చిక్కదనం డీజిల్‌కు సుమారు పదింతలు. అది సరిగ్గా పిచికారీ కాదు, నాజిల్ కొనల మీద మసి గట్టిపడుతుంది.

బయోడీజిల్ మాత్రం తోసిపుచ్చాల్సింది కాదు. ఐఎస్ 15607 ప్రకారం తయారైన అసలు బయోడీజిల్‌ను డీజిల్లో 20 శాతం వరకు కలిపి వాడటానికి చాలా కంపెనీలు కొన్ని మోడళ్లకు అనుమతిస్తాయి. మీ మోడల్ అందులో ఉందో లేదో సర్వీస్ డీలర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట వారంటీ క్లెయిమ్ రోజున పనికిరాదు. అనుమతి ఉన్నా, మొదటి కొన్ని రోజులు ఫిల్టర్లు వెంటవెంటనే పట్టేస్తాయి. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కరిగించి తెస్తుంది మరి. స్పేర్ ఫిల్టర్లు ముందే తెప్పించుకోండి. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి, వాటిమీదా ఒక కన్నుండాలి. రాగి, జింకు పూత ఉన్న పైపులు, ట్యాంకులు ఉంటే మార్చాలి.

అన్నిటికంటే ముఖ్యం, సెట్ ఎంతసేపు నడుస్తుందన్నది. రోజూ నడిచే క్రషర్ సెట్‌లో బయోడీజిల్ మిశ్రమం నిలవుండదు, అయిపోతుంది. కరెంటు పోయినప్పుడే నడిచే ఆసుపత్రి, కోల్డ్ స్టోరేజీ సెట్‌లో నెలల తరబడి ట్యాంకులోనే ఉంటుంది. గాలితో కలిసి పాడవుతుంది, నీటిని పట్టుకుంటుంది, అడుగున సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడుతుంది. అలాంటి సెట్లకు మామూలు డీజిలే పోయండి. కోస్తా తేమలో సగం ఖాళీ ట్యాంకు రాత్రి చల్లబడితే గోడలకు నీళ్లు పడతాయి. ట్యాంకు నిండుగా ఉంచి, అడుగు నీళ్లు క్రమం తప్పకుండా తీయండి.

ఓనరుకు చెప్పాల్సిన లెక్క ఇది. అసలు బయోడీజిల్ లీటరులో వేడి డీజిల్ కంటే ఎనిమిది శాతం దాకా తక్కువ. డీజిల్ నూరు రూపాయలనుకుంటే, అచ్చ బయోడీజిల్ 92కి వస్తే ఆదా ఏమీ లేదు. అంతకంటే మరీ చవకగా ఇస్తానన్నాడంటే అది బయోడీజిలేనా అన్నదే మొదటి అనుమానం.

డెన్సిటీ చూసి సంబరపడొద్దు. హైడ్రోమీటర్ 35 డిగ్రీల దగ్గర 816 చూపితే 15 డిగ్రీలకు అది సుమారు 830. డిగ్రీకి 0.7 చొప్పున కలపాలి. బిల్లు మీది అంకెతో మూడుకు మించి తేడా వస్తే ట్యాంకర్ ఆపండి. కానీ కిరోసిన్ డెన్సిటీని దించుతుంది, టైర్ ఆయిల్ పెంచుతుంది. రెండూ కొలత ప్రకారం కలిపితే అంకె సరిగ్గానే కనిపిస్తుంది. అందుకే కొత్త సరఫరాదారు దగ్గర ల్యాబ్ రిపోర్టు అడగాలి. అందులో గంధకం, నీటి శాతం, ఫ్లాష్ పాయింట్ చూడాలి. మామూలు డీజిల్‌కు ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలకు తగ్గకూడదు.

ఎక్కువ సరుకు దింపించే ముందు ఒక్కమాట. ఒకచోట 2,500 లీటర్లు దాటినా, ఒక్క ట్యాంకు వెయ్యి లీటర్లు దాటినా పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు కావాలి.

ప్రతి లోడ్ నుంచి లీటరు శాంపిల్ శుభ్రమైన డబ్బాలో తీసి, సీలు వేసి, తేదీ, బండి నంబరు రాసి, డ్రైవర్ సంతకం పెట్టించండి. ఆ లోడ్ పూర్తిగా కాలేదాకా దాన్ని నీడలో దాచండి. డ్రైవర్ సంతకం పెట్టనంటే హోస్ బిగించనివ్వకండి.