పెరటితోట

చిత్తూరునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, బాహుదానది యొడ్డున కాణిపాకమను గ్రామము కలదు. ఆ పేరు వినగానే ఎల్లరకును వినాయకుని గుడియే తలపునకు వచ్చును. ఆ పేరులో తోటపని యిమిడియున్నదని గమనించువారు కొలదిమంది. కాణి యనగా తడినేల యనియు, పారక మనగా నీరు పారుట యనియు, ఆ రెండును గలిసి కాణిపాకమైన దనియు పెద్దలు చెప్పుదురు. ముగ్గు రన్నదమ్ములు, ఒకడు గ్రుడ్డివాడు, ఒకడు మూగవాడు, ఒకడు చెవిటివాడు, ఒక చిన్న చెలకను ఏతముతో తడుపుకొని జీవించుచుండిరట. ఒకనాడు బావి యెండిపోగా వారు మరల త్రవ్విరనియు, అడుగున గడ్డపార తగిలిన రాయియే విగ్రహమనియు, అంతట నీరుబికి పొలమంతయు పారెననియు స్థలపురాణము. కథ యెట్లున్నను, అందలి కష్టము మన సీమవారికి క్రొత్తది కాదు. ఏతములును కపిలలును పోయి గొట్టపుబావులు వచ్చినవి గాని, బావి యెండుట మానలేదు.

ఆ నదికిని ఒక పండ్లతోట కథ కలదు. శంఖలిఖితులను సోదరులలో తమ్ముడగు లిఖితుడు, అన్న లేని సమయమున ఆతని యాశ్రమములోని పండ్లు కోసికొని తినెననియు, ఆ తప్పునకు సుద్యుమ్నుడను రాజు చేతులు నరికించెననియు, బాహుదలో మునుగగానే ఆ చేతులు మరల వచ్చెననియు మహాభారతమున శాంతిపర్వమందు గలదు. ఇచ్చటివారు ఆ పండు మామిడిపండే యందురు. ఎదురింటి జామచెట్టుపై కన్నువేసియుండు బాలురు ఈ కథను తీరికగా ఆలోచింతురుగాక!

పెరటితోట వేయదలచినవారు విత్తనములకంటె ముందు నీటిలెక్క చూచుకొనవలెను. ఈ లెక్క అయిదవ తరగతి బాలుడును చేయగలడు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిచిన, అది సరిగా ఒక లీటరగును. వేసవిలో ఆకులతో నిండిన మడి దినమునకు సుమారు 5 లేక 6 మిల్లీమీటర్ల నీటిని గాలిలోనికి విడుచును. కనుక 10 చదరపు మీటర్ల తోటకు దినమునకు 50 మొదలు 60 లీటర్లు, అనగా 15 లీటర్లు పట్టు బిందెలు నాలుగు, కావలయును. అయిదుగురున్న యింట స్నానములకును పాత్రలు తోముటకును వాడి పారబోయునది ఇంతకంటె తక్కువ యుండదు. ఆ నీటిని కాలువ త్రవ్వి అరటికిని మునగకును మళ్లింపవచ్చును. సబ్బునీటిని మాత్రము ఆకుకూరల మడికి పోయరాదు. వానికి కడిగిన బియ్యపునీరు, కూరగాయలు కడిగిన నీరు మంచివి. ఇక వానకాలమున 100 చదరపు మీటర్ల మిద్దెపై 10 మిల్లీమీటర్ల వాన కురిసిన వెయ్యి లీటర్లు దొరకును. దానిని వీథిలోనికి వదలుట మనకు అలవాటైపోయినది.

తోడిన నీటిని కాపాడుటకు మన జిల్లాలో వేరుసెనగ పొట్టుకంటె చౌకయైన సాధనము లేదు. రెండంగుళముల మందమున మొదళ్లచుట్టు పరచిన, ఎండ నేలను తాకదు. కొన్నాళ్లకు అదియే ఎరువగును. సొర, కాకర పాదులకు మరియొక యుపాయము కలదు. మెరుగు పూయని మట్టికుండను మెడవరకు పాతి, నీటితో నింపి, మూకుడు మూయవలెను. నీరు కుండగోడలనుండి మెల్లగా ఊరుచుండ, వేళ్లు తమంతట తామే కుండను చుట్టుకొనును.

ఏమి నాటవలెనను ప్రశ్నకు నా సమాధానము మొదట అనప యనియే. కోస్తాజిల్లాలనుండి వచ్చిన చదువరులు తికమకపడకుందురుగాక. వారు ఆనపకాయ యనునది మనకు సొరకాయ. మన అనప చిక్కుడు జాతిది. చలిదినములలో ఆ గింజలను నానబెట్టి, వ్రేళ్లతో పితికి, తోలు తీసి చేయు పితికిపప్పును రాగిసంకటితో తినని చిత్తూరువా రుండరు. ఈ తీగకు విచిత్రమైన కాలజ్ఞానము కలదు. నాటు అనపను ఎప్పుడు విత్తినను, పగటిపొద్దు కురచయైనగాని పూయదు. కనుక ఎండకాలమున విత్తినవారికి ఆకులును తీగలును తప్ప దక్కునది లేదు. ఆషాఢ శ్రావణములలో విత్తినవారికి సంక్రాంతినాటికి కాయలు చేతికి వచ్చును. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు రూపొందించిన హెబ్బాళ అవరె రకములు కొన్ని పగటి నిడివితో పనిలేకయే పూచును. అనపమొక్కను ఒకదానిని మెల్లగా పెరికి వేళ్లను చూడుడు. చిన్న బుడిపెలు కనబడును. ఒకదానిని గోటితో చీల్చగా లోపల గులాబిరంగున్నచో, అందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించుచున్నవని తెలియవలెను. యూరియా సంచి కొనకుండ జరుగు పని యిది.

సొరపాదు పూచియు కాయుటలేదని తల్లులు దిగులుపడుచుందురు. మొదట వచ్చునవి మగపూలు. అవి రాలుట సహజము. ఆడపూవునకు రేకుల క్రింద వ్రేలెడు పిందె యుండును. సొరపూవు సాయంకాలమున విచ్చును. గుమ్మడి తెల్లవారుజామున విచ్చును. తుమ్మెదలు రాని పెరటిలో, మగపూవును కోసి ఆడపూవు నడుమ మెల్లగా అద్దిన పిందె నిలుచును. మిద్దెతోటలలో ఈ పని తరచు తప్పదు.

పండ్లచెట్ల విషయమున ఆశ మితముగా నుండవలెను. అంటుమామిడి యొకటి పెరిగినచో సుమారు 10 మీటర్ల మేర ఆక్రమించును. అంటు కలిసిన చోటు మన్నులో పూడకుండ నాటి, మొదటి రెండు మూడేండ్లు పూతను త్రుంచివేయుట మేలు. మన జిల్లా తోటలలో తోతాపురి మెండు. అది గుజ్జు కర్మాగారములను నమ్ముకొన్న పంట. 2025లో ధర పడిపోగా ప్రభుత్వము కిలోకు 4 రూపాయల సాయము ప్రకటింపవలసివచ్చెను. పెరటివాడు ఆ జూదములో చేరనక్కరలేదు. తినుటకు నీలమో, మల్గోబాయో నాటుకొనవచ్చును. చోటు చాలనివారికి బొప్పాయి. అది మిరప, జామ, సీతాఫలములవలె అమెరికా ఖండములనుండి వచ్చినదే. నాటు బొప్పాయిలో మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు గనుక, గుంటకు మూడేసి మొక్కలు నాటి, పూత వచ్చినపిమ్మట మగవానిని తీసివేయుదురు. పదింటికి ఒక మగచెట్టుండిన చాలును.

పురుగుమందుల డబ్బాను ఇంటికి తేకుండుటయే ఉత్తమము. వంగకొమ్మ చివర వాలినచో లోపల తొలుచుపురుగున్నదని యర్థము. ఆ కొనను వెంటనే త్రుంచి కాల్చివేయవలెను. బెండయాకు ఈనెలు పసుపుబారిన, అది తెల్లదోమ మోసికొనివచ్చిన తెగులు. మందులేదు, మొక్కను పెరికివేయుటయే. రసముపీల్చు పురుగులకు వేపగింజల పప్పుపొడి 50 గ్రాములు లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, గుడ్డతో వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి, పొద్దు వాలిన పిమ్మట చల్లవలెను. ఎండలో చల్లిన దాని సారము త్వరగా నశించును.

విత్తనమునకై ప్రతి పాదునను మొదటి మంచి కాయనొకదానిని కోయక విడువవలెను. వంకాయ పసుపుబారువరకు, బెండ చెట్టుననే యెండువరకు, సొర తట్టిన గలగలలాడువరకు ఉంచి, గింజలను నీడన నారబెట్టి, కట్టెబూడిదలో కలిపి మూటగట్టుదురు. మూటపై పేరును, నెలను వ్రాసి అటుకపై పెట్టుకొన్నచో ఆషాఢమున వెదుకుకొన నక్కరలేదు.