చెల్లని కాసుని యంత్రం ఎలా పట్టుకుంటుంది?

కిరాణా కొట్టు శెట్టిగారి చేతిలో అనుమానంగా ఉన్న నాణెం పెడితే ఆయన ఏం చేస్తారు? తిప్పి చూస్తారు, చేత్తో బరువు చూస్తారు, బల్ల మీద వేసి మోత వింటారు. ఆ తర్వాత మన మొహం కూడా ఒకసారి చూస్తారు. ఇందులో చివరిది తప్ప మిగతావన్నీ వెండింగ్ మెషీన్ చేయగలదు. మొహం చూడలేకపోవడమే దాని వ్యాపారంలో ఉన్న అసలు చిక్కు.

యజమాని వారానికోసారి వచ్చి డబ్బుల పెట్టె తెరుస్తాడు. అందులో రూపాయి సైజు రేకు బిళ్ళ కనిపిస్తే ఎవర్ని అడగాలి? వేసినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. నష్టం ఎంతో ఊహకి ఒక లెక్క వేసుకుందాం. ఇరవై రూపాయల బిస్కెట్ ప్యాకెట్ యజమానికి పదహారుకి పడిందనుకోండి, లాభం నాలుగు. ఒక్క దొంగ నాణెం పడితే పదహారు పోయినట్టే. దాన్ని పూడ్చడానికి నలుగురు నిజాయితీపరులు బిస్కెట్లు కొనాలి. అదే దొంగ ఇరవై వేసి ఐదు రూపాయల చాక్లెట్ కొన్నాడనుకోండి, చాక్లెట్‌తో పాటు పదిహేను రూపాయల అసలు చిల్లర కూడా వాడి జేబులోకే. పైగా దొంగదని తెలిశాక ఆ నాణేన్ని ఇంకొకరికి అంటగట్టడం నేరం కాబట్టి, దాన్ని పక్కన పడేసుకోవడమే.

ఈ గొడవ కొత్తదేం కాదు. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకి చెందిన హీరో అనే ఇంజనీరు, నాణెం వేస్తే గుడిలో పవిత్ర జలం పోసే యంత్రాన్ని వర్ణించాడు. ఐదు ద్రాక్మాల నాణెం ఒక పళ్ళెం మీద పడుతుంది, పళ్ళెం వంగుతుంది, కవాటం తెరుచుకుంటుంది, నాణెం జారిపోగానే మూసుకుంటుంది. దానికి తెలిసింది ఒక్క బరువే. అంటే సరైన బరువున్న గులకరాయికి కూడా పవిత్ర జలం వచ్చేదన్నమాట!

ఇప్పటి యంత్రాలు ఒక్క కొలతని నమ్మవు. నాణెం లోపల వాలు మీద దొర్లుతుంటే కాంతి సెన్సార్లు వ్యాసం కొలుస్తాయి. ఆ పక్కనే ఒక రాగి తీగ చుట్ట ఉంటుంది, అందులో ఏసీ కరెంటు పారుతుంటుంది. లోహపు ముక్క దగ్గరికి రాగానే దాంట్లో ఎడ్డీ కరెంట్లు పుడతాయి (ఇంటర్ ఫిజిక్స్‌లో లెంజ్ నియమం చదివి మర్చిపోయాం చూడండి, అదే ఇది). వాటివల్ల తీగ చుట్ట ప్రవర్తన కొంచెం మారుతుంది. ఎంత మారిందన్నది ఏ లోహం, ఎంత మందం అన్నదాని మీద ఆధారపడుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కొలిస్తే పైపొర తెలుస్తుంది, తక్కువలో కొలిస్తే లోపలిది కూడా తెలుస్తుంది. అందుకే పైన పూత పూసిన నాణెం ఒక పరీక్ష పాసై రెండోదాంట్లో ఫెయిలవుతుంది.

వ్యాసం ఒక్కటే చాలదని తెలుసుకోవడానికి మన చిల్లరే చాలు. 2011లో వచ్చిన సిరీస్‌లో రెండు రూపాయల నాణెం 25 మిల్లీమీటర్లు, ఐదు రూపాయలది 23. 2019 సిరీస్‌లో రెండు 23 అయింది, ఐదు 25 అయింది. సరిగ్గా తారుమారు! రెండు సిరీసులూ చెల్లుతాయి. కాబట్టి 23 మిల్లీమీటర్ల నాణెం పడితే అది రెండో ఐదో సైజు చూసి చెప్పలేం, లోహం అడగాల్సిందే. ఇంకో సంగతి. పాత తరహా యంత్రాల్లో అయస్కాంతం పెట్టి, అంటుకున్నదల్లా ఇనుప బిళ్ళ అని ఆపేసేవారు. మన రూపాయి, రెండు రూపాయలు అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలువి. ఆ యంత్రాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే మన అసలు రూపాయినే దొంగది అంటుంది.

దారం కట్టిన నాణెం కథ మీరు వినే ఉంటారు. లోపలికి వదిలి, వస్తువు పడగానే పైకి లాగేయడం. దీనికి మందు చాలా సింపుల్, మన సిలబస్‌లోనే ఉంది: స్టేట్ మెషీన్. సెన్సార్లు ఒకటి, రెండు, మూడు అదే వరుసలో, అనుకున్న సమయంలోపు మోగాలి. మూడు తర్వాత మళ్ళీ రెండు మోగిందంటే నాణెం వెనక్కి నడుస్తోందని అర్థం. నాణేలు వెనక్కి నడవవు కదా. దీనికి తోడు, కిందికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపు ఒకటి పెడతారు.

నాకు వీటన్నిటికంటే నచ్చిన ఉదాహరణ జపాన్‌ది, ఎందుకంటే అక్కడ నాణెం నకిలీదే కాదు. 1982లో జపాన్ ఐదు వందల యెన్ నాణెం తెచ్చింది. అదే ఏడాది దక్షిణ కొరియా ఐదు వందల వాన్ నాణెం తెచ్చింది. రెండిటి వ్యాసం 26.5 మిల్లీమీటర్లే, రెండూ రాగి నికెల్ మిశ్రమమే. తేడా ఒక్కటే: యెన్ 7.2 గ్రాములు, వాన్ 7.7 గ్రాములు. విలువలో మాత్రం వాన్ నాణెం యెన్ నాణేనికి సుమారు పదో వంతు. 1990లలో కొందరు వాన్ నాణెం మీద డ్రిల్లుతో చిన్న చిన్న గుంటలు పెట్టి, ఆ అర గ్రాము తగ్గించి జపాన్ యంత్రాల్లో వేయడం మొదలుపెట్టారు.

ఇక్కడే అసలు తమాషా. వాళ్ళకి కూల్ డ్రింక్ అక్కర్లేదు. నాణెం వేసి, ఏమీ కొనకుండా, డబ్బు వెనక్కిచ్చే మీట నొక్కేవారు. యంత్రం "ఇతనికి ఐదు వందలు బాకీ ఉన్నాను" అని మాత్రమే గుర్తుపెట్టుకుంది. అందుకని తన గొట్టంలో ఉన్న వేరే ఐదు వందల యెన్, అసలుది, ఇచ్చేసేది. యంత్రం కాస్తా కరెన్సీ మార్చే కౌంటర్ అయిపోయింది! పైథాన్ నేర్చుకునేటప్పుడు రెండు వస్తువుల విలువ సమానమా అని అడగడం వేరు, రెండూ ఒకే వస్తువా అని అడగడం వేరు అని చెప్తారు. పరీక్ష కోసం బట్టీపట్టే ఆ తేడా మీద ఒక దేశం డబ్బు పోగొట్టుకుంది. తర్వాతి యంత్రాల్లో, కొనుగోలు పూర్తయ్యేదాకా వేసిన నాణేన్ని విడిగా పట్టి ఉంచి, మీట నొక్కితే అదే నాణెం తిరిగి ఇచ్చేలా మార్చారు. 2000లో జపాన్ నాణేన్నే మార్చేసింది. రాగిలో జింక్ కూడా కలిపి, బరువు 7 గ్రాములు చేసింది. 2021లో రెండు రంగుల లోహాలతో ఇంకోసారి మార్చింది. అలా మార్చినప్పుడల్లా యంత్రాలకి కొత్తగా నేర్పాలి, ఆ ఖర్చు యజమానిదే. నేర్పని యంత్రం కొత్త అసలు నాణేన్ని బయటికి ఉమ్మేస్తుంది.

ఈ ఉమ్మేయడం గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. ప్రతి నాణేనికీ యంత్రం ఒక గడప పెట్టుకుంటుంది. (థ్రెషోల్డ్‌కి గడప అనే మాట ఇంత చక్కగా అతుకుతుందని ఇది రాస్తుంటేనే తట్టింది.) అసలు నాణేలు కూడా అరిగి ఉంటాయి, మురికి పట్టి ఉంటాయి, కాబట్టి కొలత అటూఇటూగా ఉన్నా ఒప్పుకోవాలి. గడప దించితే దొంగవి దూరతాయి, ఎత్తితే మంచివి తట్టుకుని పడతాయి. బ్రిటన్‌లో పాత గుండ్రటి పౌండు నాణేల్లో ఒక దశలో వందకి సుమారు మూడు నకిలీవని రాయల్ మింట్ సర్వేల్లో తేలింది. 2017లో పన్నెండు పలకల కొత్త పౌండు రావడానికి ముఖ్య కారణం ఇదే. ఆ మూడు శాతాన్నే తీసుకుని లెక్క చేద్దాం. మిగతా అంకెలు నావి.

వెయ్యి నాణేలు పడ్డాయి. 30 దొంగవి, 970 మంచివి. గడప బాగా ఎత్తి పెట్టాం, 30లో 29 దొరికాయి. భేష్. కానీ మంచివాటిలో నూటికి పది కూడా ఆగిపోయాయి, అంటే 97. మొత్తం ఆగినవి 126, అందులో 97 మంచివే. అంటే యంత్రం "నీది చెల్లదు" అన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఏ పాపం తెలియనివాళ్ళు. దొంగలు తక్కువ ఉన్నచోట కఠినంగా ఉంటే దెబ్బ ఎక్కువగా తగిలేది మంచివాళ్ళకే. యజమాని పెట్టెలో దొంగ నాణేలు లెక్కపెట్టగలడు గానీ, రెండుసార్లు నాణెం వెనక్కొచ్చి విసుగొచ్చి వెళ్ళిపోయినవాళ్ళని లెక్కపెట్టలేడు. అందుకే నా ఉద్దేశంలో ఆగిపోయిన ప్రతి నాణెం కొలతలూ యంత్రం రాసిపెట్టాలి. ఒకే రకం బిళ్ళలు ఒకే కొలతతో మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆ ఒక్క చోట గడప బిగించొచ్చు, అందరి మీదా బిగించక్కర్లేదు. సెన్సార్ మీద దుమ్ము తుడవడం కూడా మర్చిపోకూడదు. గడప మార్చేముందు చేయాల్సిన పని అదే.

యంత్రం లేకుండానే ఇదంతా మన ఊళ్ళలో జరిగింది. పది రూపాయల నాణెం మీద పది గీతలుంటే అసలుది, పదిహేనుంటే నకిలీది అని పుకారు పుట్టి, ఆటోలవాళ్ళు, కొట్లవాళ్ళు మొత్తానికే తీసుకోవడం మానేశారు. రూపాయి గుర్తు వచ్చాక డిజైన్ మారింది, అంతే. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ పద్నాలుగు డిజైన్లలో పది రూపాయల నాణేలు వచ్చాయని, అన్నీ చెల్లుతాయని ప్రకటించింది. అయినా చాలా చోట్ల తీసుకోలేదు. గడప ఆకాశానికి ఎత్తేసి వందకి వంద వెనక్కి తోసేశారన్నమాట. నష్టపోయింది ఎవరు? రోజంతా అమ్మి చివరికి చేతిలో పది నాణేలు మిగిలిన పూలమ్మే ఆవిడ లాంటివాళ్ళు.

చేసి చూడాలనుకునేవాళ్ళకి ఒక పని. ఇంట్లో హుండీ బోర్లించండి, ఒక స్కేలు, ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకోండి. ఒక్కో నాణేనికి వ్యాసం, అంటుకుందా లేదా, ముద్రించిన ఏడాది రాసుకోండి. తర్వాత ముద్ర చూడకుండా, ఆ రెండు కొలతలతోనే విలువ చెప్పే ప్రోగ్రామ్ రాయండి. 27 మిల్లీమీటర్ల దగ్గర పది, ఇరవై రెండూ వచ్చి ఇరుక్కుంటారు. ఇరవైది పన్నెండు పలకలు. దాన్ని మూడో కొలతగా ఎలా పట్టుకోవాలో మీరే ఆలోచించండి, వచ్చే సంచికకి పంపండి.