బ్యాంకు కొలువా, బోటిక్కా?

ఏం చెల్లీ, కోదాడ బ్యాంకులో నెలనెలా జీతం పడుతున్నా మనసంతా బట్టల మీదే ఉందంటున్నావు. మేళ్లచెరువులో పుట్టింటి ముందుగదిలో బోటిక్ పెడతానంటే ఇంట్లో ఒకటే గోలట. “ఇంత చదువు చదివి జాకెట్లు కుడతావా?” అన్నారట నాన్న. ఆ మాటకు బాధపడకు, దాని వెనకున్న భయానికి మాత్రం జవాబు చెప్పు.

డిజైనర్ తరుణ్ తహిలియానీ పేరు వినే ఉంటావు. వార్టన్ బిజినెస్ స్కూల్లో ఎంబీఏ చేసినవాడు. 1987లో భార్యతో కలిసి ముంబైలో బట్టల షోరూం పెట్టాడు. డిజైన్ చదవడానికి న్యూయార్క్ వెళ్లింది ఆ తర్వాతే, 1991లో. ముందు అమ్మకం తెలిసింది, తర్వాత కత్తిరింపు నేర్చాడు. కాబట్టి నీ కామర్స్ చదువు వృథా అని ఎవరన్నా నేనొప్పుకోను.

మన దగ్గర బోటిక్ నడవడం ముహూర్తాలను బట్టే. శ్రావణం, మాఘం వస్తే నిద్రపోయే తీరిక ఉండదు. ఆషాఢం, మూఢం వస్తే మగ్గం ఖాళీ. కానీ మగ్గం వర్క్ చేసే పిల్లలకు ఆ నెలల్లోనూ అన్నం పెట్టాలి కదా! ఆపైన “పెళ్లయ్యాక ఇస్తాలే అక్కా” అనే అరువులు. ఈ లెక్క నీకు చెప్పాలా? ముద్రా యోజనలో శిశు విభాగం కింద 50 వేల దాకా అప్పులిచ్చే ఫైళ్లు నీ టేబుల్ మీదుగా వెళ్లినవే కదా.

ఒక్క జాకెట్ తీసుకో. గుడ్డ, లైనింగ్, జరీ, పూసలు, కుట్టుకూలి, కరెంటు అన్నీ రాస్తాం. డిజైన్ గీసి, రంగులు కలిపి, కస్టమర్‌కు మూడుసార్లు కొలతలు సరిచేసిన మన కష్టం మాత్రం రాయం. ఆడవాళ్ల చేతిపనికి ఇంట్లో ఎలాగూ లెక్క లేదు, కొట్లో కూడా లేకపోతే ఎట్లా? పోచంపల్లి చీరకు చేత్తో దారం చుట్టే ఆసు పోయడంలో తల్లి లక్ష్మి గారి చెయ్యి పడే నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసుయంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనా మన పాత నల్గొండ జిల్లా మనిషే. ఆ నొప్పికి చీర ధరలో ఎవరు విలువ కట్టారు చెప్పు?

ఉద్యోగం మానెయ్యి, నేను వద్దనను. కానీ రేపే కాదు. ముందు ఆదివారాలు మంచి టైలర్ దగ్గర కూర్చుని కటింగ్ నేర్చుకో. ఒక పెళ్లిళ్ల సీజనూ, ఒక మూఢమూ లెక్కలు రాసి చూడు. ఆర్నెల్ల ఇంటిఖర్చు చేతిలో పెట్టుకున్నాకే రాజీనామా ఇవ్వు. ఆ లెక్కల పుస్తకంలో నీ కూలి అనే గడి ఖాళీగా వదలకు తల్లీ, మొదటి జాకెట్ నుంచే రాయి.