పాత కారు – పాస్కల్ సూత్రం



మన జహీరాబాదు హైదరాబాదు–ముంబయి రహదారి మీద ఉంది. 1980లలో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ వారి లారీల కర్మాగారం వెలిసింది. తరువాత అది మహీంద్రా వారి చేతికి వచ్చింది. అందుకేనేమో, మా ఊళ్లో కలం కంటే ముందు పానా పట్టిన పిల్లలు చాలామంది కనిపిస్తారు.

అలాంటి నా పాత శిష్యుడొకడు రోడ్డు పక్కన షెడ్డు నడుపుతున్నాడు. ఒకరోజు కబురు పంపాడు. వెళ్లి చూస్తే షెడ్డులో పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు! మద్రాసులో 1961 నుంచి తయారైన కారిది. ఇంగ్లండులో దీని చట్రాన్నే కొంత పొట్టిచేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు.

"సార్, దీన్ని స్పోర్ట్స్ కారులా పరుగెత్తిస్తా. ఇంకో కార్బురేటరు బిగిస్తా, పెద్ద టైర్లు వేస్తా. రేపు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బీదరు పెళ్లికి పోతా" అన్నాడు.

"సరే నాయనా, ముందు పరీక్ష పెడదాం" అన్నాను.

మొదటి పరీక్షకు ఒక అయస్కాంతం చాలు. రంగు గీసుకుపోకుండా దాన్ని రుమాలులో చుట్టి, తలుపుల అంచుల మీద, చక్రాల పైభాగాన జరుపుతూ పోయాను. ఒకచోట అది అంటుకోకుండా జారిపోయింది. ఎందుకు? అక్కడ ఇనుము లేదు. తుప్పు తినేసిన చోట పుట్టీ పెట్టి రంగు వేశారు. కంటిని మోసగించిన రంగు అయస్కాంతాన్ని మోసగించలేకపోయింది.

రెండవ పరీక్ష బ్రేకుది. పెడలును గట్టిగా తొక్కి అలాగే పట్టుకోమన్నాను. పెడలు మెల్లమెల్లగా కిందికి దిగి, నేలను తాకింది! అతని ముఖం పాలిపోయింది.

మీరు పాస్కల్ సూత్రం చదివారు కదా! మూసిఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరులోని ద్రవం ఆ పీడనాన్ని నాలుగు చక్రాలకూ చేరవేస్తుంది. లోపలి రబ్బరు అరిగితే ద్రవం వెనక్కి జారి, పీడనం నిలవదు. పెడలు స్పంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరినట్టు. ద్రవాన్ని నొక్కడం కష్టం, గాలిని నొక్కడం తేలిక. అందుకే తొక్కిన బలం గాలిని నొక్కడానికే సరిపోతుంది.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగదు. నీరు చేరితే 140 డిగ్రీలకే మరగవచ్చు. అప్పుడు పుట్టే ఆవిరి కూడా గాలిలాంటిదే. కనుక రెండేళ్లకొకసారి ద్రవం మార్చాలి.

ఇప్పుడు వేగం సంగతి లెక్కవేద్దాం. కారు ద్రవ్యరాశి మనుషులతో కలిపి 1000 కిలోలు అనుకోండి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. గతిజశక్తి 50,000 జౌళ్లు. వేగం 72 అయితే 2,00,000 జౌళ్లు. వేగం రెట్టింపు, శక్తి నాలుగింతలు! బ్రేకులు ఈ శక్తినంతా ఉష్ణంగా మార్చాలి. సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుంటే, మొదటి కారు 10 మీటర్లలో ఆగుతుంది. రెండవది 40 మీటర్లు పోతుంది. పరుగు పెంచాలంటే ముందు ఆగడం నేర్పాలన్నమాట.

పెద్ద టైర్లతో మరో చిక్కు ఉంది. ఇలాంటి కార్లలో స్పీడోమీటరు చక్రం తిరిగిన చుట్లనే లెక్కిస్తుంది. టైరు వ్యాసం 10 శాతం పెరిగితే, ముల్లు 50 చూపేటప్పుడు కారు 55లో పోతుంటుంది. పాత టైరు కొనేవారు దాని పక్కన ఉండే నాలుగంకెలు చూడాలి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం.

ఇంధనం కూడా మారింది. పూర్వం పెట్రోలులోని సీసం కవాటాల పీటలు అరగకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి ఆ పెట్రోలు ఆగిపోయింది. అది మన ఆరోగ్యానికి మేలే. పాత ఇంజనుకు మాత్రం గట్టి పీటలు వేయించుకోవాలి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. అది పాత రబ్బరు గొట్టాలను పాడుచేయవచ్చు. కనుక వాటినీ మార్చాలి.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చరాదు. ఇంజను, చాసిస్ నంబర్లు కాగితాలతో సరిపోవాలి. 15 ఏళ్లు దాటితే తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పునరుద్ధరించాలి.

నా శిష్యుడు మర్నాడు ఇంటివాళ్లతో బస్సులో పెళ్లికి వెళ్లాడు. కార్బురేటరు కోసం దాచిన డబ్బుతో ముందుగా బ్రేకులు బాగుచేయించాడు.

మీరు చేసి చూడండి: సూదిలేని రెండు సిరంజీలను సన్నని గొట్టంతో కలిపి, నీరు నింపండి. ఒకదాన్ని నొక్కితే రెండవది వెంటనే కదులుతుంది. ఇప్పుడు గొట్టంలోకి కొంత గాలి పోనిచ్చి, రెండవదాన్ని వేలితో ఆపి, మళ్లీ నొక్కండి. తేడా మీ వేలికే తెలుస్తుంది!