కాలనీ కూరగాయల తోట: చోటు ఎంపికలోనే సగం పంట

కృష్ణా డెల్టాలో బియ్యానికి లోటు లేదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ ఇది వరి సీమే. అయినా ఊరి చివర కాలనీలో, కూలికి వెళ్ళొచ్చిన ఇంట్లో కంచం చూడండి. అన్నం నిండుగా ఉంటుంది, పక్కన పచ్చడో పులుసో ఉంటుంది. ఆకుకూర మాత్రం సంత రోజునే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. దీనికి కారణాలు చాలా ఉన్నా, తిండిలో ఆకుకూర తగ్గడం వాటిలో ఒకటి.

సెంటు, సెంటున్నరలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకి పెరడు ఎక్కడినుంచి వస్తుంది? అందుకే పదిళ్ళవాళ్ళు కలిసి ఒక్కచోట కూరగాయల తోట వేసుకోవడం మంచి ఉపాయం. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడు భూముల్ని, కౌలు భూముల్ని కలిసి సాగుచేసి చూపించాయి. అయితే ఇలాంటి తోటలు చాలావరకు విత్తనం దగ్గర కాదు, చోటు దగ్గరే దెబ్బతింటాయి. ఎవరికీ అక్కర్లేని గుంట, చెత్తకుప్ప ఉన్న మూల ఇస్తే సరే అని మొదలుపెడతారు. రెండు నెలలకి వదిలేస్తారు. చోటు ఖాయం చేసేముందు ఈ కింది విషయాలు చూసుకోండి.

ఎంత చోటు?

అయిదుగురున్న కుటుంబానికి ఏడాది పొడుగునా కూరలు అందాలంటే సుమారు 200 చదరపు మీటర్లు, అంటే 5 సెంట్లు కావాలని లెక్క. పదిళ్ళకి 50 సెంట్లు అవుతుంది. అంత దొరక్కపోతే బెంగపడొద్దు. పాతిక సెంట్లు ఉన్నా సగం అవసరం తీరుతుంది. మొదటి ఏడు ఆకుకూరలతో మొదలుపెట్టండి.

దూరం, ఎండ

చేలో నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన మనిషి మళ్ళీ మైలు నడిచి మొక్కలకి నీళ్ళు పోయదు. ఇంటినుంచి అయిదు నిమిషాల నడకలో ఉండాలి. అంగన్‌వాడీ, బడి పక్కనైతే పిల్లలకీ అందుతుంది. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. పెద్ద చింతచెట్టు నీడన, ఎత్తయిన గోడ పక్కన కాయకూరలు సరిగా కాయవు.

నీళ్ళు

వేసవిలో 5 సెంట్ల తోటకి రోజుకి సుమారు 1,000 లీటర్లు కావాలి. 20 లీటర్ల బిందెలైతే యాభై. మోసుకొచ్చి పోయడం అయ్యే పని కాదు. బోరో, చేతిపంపో, చెరువో పక్కనే ఉండాలి. కాల్వ ఉంది కదా అనుకోవద్దు, ఎండాకాలంలో కాల్వలు కట్టేస్తారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మచిలీపట్నం వైపువాళ్ళు నీటిలో ఉప్పు చూడకుండా అడుగు వేయొద్దు. ఎండాకాలంలో నేల మీద తెల్లగా ఉప్పు పేలితే అది హెచ్చరికే. అలాంటిచోట చిక్కుడు జాతి నిలవదు. ఉప్పు కొద్దిగానే ఉంటే పాలకూర, బీట్‌రూట్ కొంత తట్టుకుంటాయి.

మురుగు

డెల్టా నల్లరేగడికి నీళ్ళు నిలబెట్టుకునే గుణం ఎక్కువ. అడుగున్నర లోతు గుంట తీసి నీళ్ళు నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. మర్నాటికీ నీళ్ళు నిలిచే ఉంటే నాలుగడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడులు కట్టి, మధ్య కాలువలు తీస్తేనే పంట. పల్లపు మడుల్లో బచ్చలి, పొన్నగంటి వేసుకోవచ్చు. మునగ వేరుకి నీళ్ళు నిలిస్తే చెట్టు చస్తుంది, దాన్ని గట్టు మీదే పెట్టాలి.

వరదనీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. 1977 ఉప్పెన, 2009 అక్టోబరు వరద వాళ్ళకి గుర్తే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అటువంటి పల్లంలో తోట వేసేవాళ్ళు ఆగస్టు నుంచి నవంబరు దాకా ఖరీదైన పంట పెట్టొద్దు.

వద్దనాల్సిన చోట్లు

పాత చెత్తకుప్ప, బ్యాటరీలు, నూనెలు పారబోసిన మెకానిక్ షెడ్డు స్థలం, పట్నం మురుగు పారే డ్రైను అంచు, వాహనాలు ఎక్కువగా తిరిగే రోడ్డు పక్క - ఇవి ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. అక్కడి సీసం లాంటి విషాలు ఆకుకూర మీదా, మట్టిలోనూ చేరతాయి. ఆకు కడిగితే పైది పోతుందేమో గానీ లోపలిది పోదు. పురుగుమందు కొట్టే వరిచేను పక్కనే అయితే మధ్య దూరం వదిలి, అడ్డుగా కంది వరస వేసుకోండి.

కాగితం

ఇది మరవొద్దు. పంచాయతీ స్థలమైతే తీర్మానం రాయించుకోండి. సొంతదారు స్థలమైతే కనీసం మూడేళ్ళకి కాగితం రాసుకోండి. కాల్వగట్టు జలవనరుల శాఖది, అనుమతి లేకుండా తవ్వొద్దు. నేల బాగుపడి కాపు మొదలయ్యాక "మా స్థలం మాకివ్వండి" అంటే ఆడవాళ్ళ ఏడాది కష్టం గంగలో కలిసినట్టే.

చివరిగా రెండు, మూడు చోట్లు అనుకుని, సాయంత్రం పూట ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి చూడండి. తోటలో పనిచేసేది వాళ్ళే కాబట్టి వాళ్ళ మాటే ఖాయం చేయాలి. ఆపైన మట్టి, నీళ్ళ నమూనాలు తీసి మీ రైతు సేవా కేంద్రంలో గానీ, ఘంటసాల లేదా గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడిగి పరీక్ష చేయించండి. ఫలితం వచ్చాకే పార పట్టుకోండి.